వేపుడులో నూనె మారిస్తే ఇంకేం మార్చాలి?

రోజూ వేరుశనగ నూనెతో చేసే బంగాళదుంప వేపుడుని ఒకరోజు అదే కొలత వెన్నతో చేస్తే మొదట మూకుట్లోంచి చిందుతుంది, తర్వాత నురగ వస్తుంది, ముక్క ఎర్రబడకముందే అడుగున నల్ల చుక్కలు తేలి మాడు వాసన కొడుతుంది. ఆవనూనెను సరిగ్గా కాగనివ్వకుండా ముక్కలు వేస్తే ముక్కులోకి ఘాటు ఎక్కుతుంది. కొబ్బరి నూనెతో వేపుడు పొయ్యి మీద చక్కగానే కుదురుతుంది కానీ, చలికాలంలో మధ్యాహ్నం క్యారేజీ విప్పేసరికి ముక్కల చుట్టూ తెల్లగా పేరుకుని ఉంటుంది. ఈ మూడింట్లోనూ తప్పు నూనెది కాదు. నూనె మార్చి మిగతాదంతా పాత పద్ధతిలోనే చేయడం వల్ల వచ్చిన చిక్కు. నూనె మారినప్పుడు మంట, కొలత, పోపు వేసే సమయం, ఒక్కోసారి కూరగాయ కూడా మారాలి.

వేపుడులో నూనె నాలుగు పనులు చేస్తుంది. మూకుడు వేడిని ముక్క ప్రతి అంచుకూ చేరవేస్తుంది. అడుగంటకుండా కాపాడుతుంది. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, వెల్లుల్లి వాసనల్ని తనలో కలుపుకుని కూరంతా పంచుతుంది. చివర్లో ఉప్పు, కారం ముక్కకు పట్టేలా చేస్తుంది. మొదటి రెండు పనులూ ఏ నూనెతోనైనా జరుగుతాయి. తేడాలు వచ్చేది మూడో పనిలోనూ, ఎంత వేడికి తట్టుకుంటుందన్న దగ్గరా. అందుకే 'ఏ నూనె మంచిది' అని అడిగే ముందు 'ఈ కూరలో నూనె ఏ పని ఎక్కువ చేస్తోంది' అని చూడాలి. అరగంట సేపు ఎర్రగా వేగాల్సిన చామదుంపకూ, పది నిమిషాల్లో మగ్గిపోయే క్యాబేజీకీ ఒకే జవాబు ఉండదు.

కేలరీల కోసం నూనె మార్చాలనుకునేవాళ్ళు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఏ వంటనూనె అయినా ఒక టేబుల్ స్పూన్, అంటే 15 మి.లీ., సుమారు 120 కేలరీలు. ఆలివ్ నూనె ఇందులో తక్కువేం కాదు, నెయ్యి పెద్దగా ఎక్కువా కాదు. 3 టేబుల్ స్పూన్లు వేసిన వేపుడు నలుగురు తింటే నూనె వల్ల మనిషికి 90 కేలరీలు పడతాయి. అది తగ్గాలంటే కొలత తగ్గాలి తప్ప సీసా మార్చి లాభం లేదు. కొవ్వుల రకాలు సమతూకంగా అందడానికి నూనెలు మార్చి మార్చి వాడటం మాత్రం మంచి అలవాటే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా ఒకే నూనెకు అంటిపెట్టుకోకుండా వేర్వేరు నూనెలు వాడమనే చెబుతోంది.

ముందు అసలు వేపుడు

మార్పులు చెప్పుకోవడానికి ఒక కొలబద్ద కావాలి కాబట్టి అరకిలో బంగాళదుంపల వేపుడునే తీసుకుందాం. నలుగురికి సరిపోతుంది.

దుంపలు చెక్కు తీసి ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలు కోయాలి. రెండు నీళ్ళు పోసి కడిగి, పది నిమిషాలు నానబెట్టి, వార్చి, బట్ట మీద పరిచి తడి లేకుండా తుడవాలి. కడగడం వల్ల కోసిన అంచుల మీది పిండి పోతుంది. ఆ పిండే వేడికి జిగురై మూకుడుకి అంటుకుంటుంది. తుడవడం ఇంకా ముఖ్యం. ముక్క మీద నీరు ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రబడటం మొదలయ్యేది సుమారు 140 డిగ్రీల దగ్గర. తడి ముక్కలు వేస్తే అవి వేగవు, ఉడుకుతాయి.

వెడల్పాటి ఇనుప మూకుడు మధ్యస్థ మంట మీద రెండు నిమిషాలు ఖాళీగా వేడెక్కాక 3 టేబుల్ స్పూన్ల వేరుశనగ నూనె వేయాలి. టీస్పూను శనగపప్పు ముందు వేసి, అది రంగు తిరుగుతుండగా టీస్పూను మినప్పప్పు, తర్వాత అర టీస్పూను ఆవాలు, అవి చిటపటలాడాక అర టీస్పూను జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, రెండు రెబ్బల కరివేపాకు వేయాలి. వెంటనే ముక్కలు వేసి, రెండు నిమిషాలు పెద్ద మంట మీద కలిపి, మళ్ళీ మధ్యస్థానికి తగ్గించాలి. మూత పెట్టకూడదు. మూడు, నాలుగు నిమిషాలకోసారి మాత్రమే అట్లకాడతో అడుగు నుంచి తిరగేయాలి. ముక్క ఒకవైపు ఎర్రబడితే దానంతటదే మూకుడిని వదులుతుంది. అంతకుముందే కదిపితే పైపొర ఊడి అడుగున మిగులుతుంది. పన్నెండో నిమిషంలో పావు టీస్పూను పసుపు, ముప్పావు టీస్పూను ఉప్పు. 18 నుంచి 20 నిమిషాలకు ముక్క లోపల మెత్తగా, పైన కరకరగా అవుతుంది. పొయ్యి ఆపేశాక టీస్పూను కారం, దంచిన ఐదు వెల్లుల్లి రెబ్బలు వేసి ఆ వేడికే కలపాలి. కారం మంట మీద వేస్తే కొన్ని సెకన్లలోనే నల్లబడుతుంది, దాని ఘాటు గొంతు పట్టేస్తుంది.

ఇరవై నిమిషాలు వేగేసరికి పోపులోని మినప్పప్పు మరీ ముదురుగా అవుతుందనిపిస్తే పోపును గరిటెతో తీసి పళ్ళెంలో పెట్టుకుని, దించే ముందు తిరిగి కలపండి. నూనె మార్చినప్పుడు ఈ చిన్న జాగ్రత్త చాలా సార్లు కూరను కాపాడుతుంది.

పొద్దుతిరుగుడు, తవుడు, వేరుశనగ

శుద్ధి చేసిన నూనెల మధ్య మార్పిడి సులువు. పొద్దుతిరుగుడు నూనె, తవుడు నూనె, శుద్ధి చేసిన వేరుశనగ నూనె మూడూ సుమారు 230 డిగ్రీల దాకా పొగ రాకుండా నిలుస్తాయి. మూకుట్లో వేపుడుకి అంత వేడి అవసరమే లేదు. కొలతకు కొలత మార్చుకోవచ్చు, మంట మార్చక్కర్లేదు. పొద్దుతిరుగుడు నూనెకు సొంత రుచి లేదు కాబట్టి వేపుడు కొంచెం చప్పగా అనిపిస్తుంది. పోపు గింజలు మరో పావు టీస్పూను పెంచితే, లేదా చివర్లో రెండు చెంచాల వేయించిన పల్లీల పొడి చల్లితే ఆ లోటు తీరుతుంది.

గానుగ నూనె వేరే సంగతి. ఈమధ్య ఊరూరా గానుగలు వచ్చాయి, చాలామంది వాటి నూనెకు మారుతున్నారు. గానుగలో ఆడించిన వేరుశనగ నూనె వాసన అద్భుతంగా ఉంటుంది కానీ శుద్ధి చేయలేదు కాబట్టి 160 డిగ్రీల దగ్గరే పొగ మొదలుకావచ్చు. ప్యాకెట్ నూనెకు అలవాటుపడ్డ చేయి మూకుడు బాగా కాగనిచ్చి నూనె పోస్తుంది, వెంటనే పొగ కమ్ముతుంది, రుచి చేదెక్కుతుంది. గానుగ నూనె వేసేటప్పుడు మూకుడు రెండు నిమిషాలు కాదు, ఒక్క నిమిషం వేడెక్కితే చాలు. పెద్ద మంట దశ వద్దు, మొదటి నుంచీ మధ్యస్థమే. మొత్తం సమయం నాలుగైదు నిమిషాలు పెరుగుతుంది. ముక్కలు వేయగానే నురగ పొంగితే భయపడకండి. శుద్ధి చేయని నూనెలో ఉండే జిగురు పదార్థాలకు, ముక్కల తడి తోడైతే అలా పొంగుతుంది, రెండు నిమిషాల్లో అణుగుతుంది. డబ్బా అడుగున దిగే మడ్డి మాత్రం మూకుట్లో పడకూడదు, అదే ముందు మాడేది. నూనె కదపకుండా పైనుంచి వంచుకోవాలి.

తెలంగాణలో పండే కుసుమల నూనెకూ ఇదే హెచ్చరిక, ఇంకాస్త గట్టిగా. గానుగ కుసుమ నూనె మిగతా వాటికన్నా చాలా త్వరగా పొగ చిమ్ముతుంది. దాన్ని ఆకుకూరలకు, సన్న మంట మీద మగ్గే కూరలకు ఉంచుకుని, ఎర్రగా వేగాల్సిన దుంపలకు వాడకపోవడం మేలు.

నువ్వుల నూనె

వేరుశనగ నూనెకు బదులు ఒక్కటే పేరు చెప్పమంటే మా ఓటు దీనికే. చేదునీ పులుపునీ ఇది మోసినట్టు మరో నూనె మోయదు. కాకరకాయ వేపుడు, గుత్తి వంకాయ, గోంగూర, చింతకాయ వేసిన ఏ ఇగురైనా నువ్వుల నూనెతో ఒక మెట్టు పైకి వెళ్తుంది. ఆవకాయకు నువ్వుపప్పు నూనె వాడే ఇళ్ళకు ఈ సంగతి కొత్త కాదు.

దీని వాసన గట్టిది కాబట్టి 3 టేబుల్ స్పూన్లకు బదులు రెండున్నర వేస్తే చాలు. శుద్ధి చేయని నువ్వుల నూనె సుమారు 175 డిగ్రీల దాకా నిలుస్తుంది. మధ్యస్థ మంట దాటకుండా చూసుకుంటే దుంపలు కూడా బాగానే వేగుతాయి. కాకరకాయకు: అరకిలో కాయలు సన్నటి చక్రాలుగా కోసి, టీస్పూను ఉప్పు, పావు టీస్పూను పసుపు కలిపి ఇరవై నిమిషాలు ఉంచి, గట్టిగా పిండాలి. రెండున్నర టేబుల్ స్పూన్ల నువ్వుల నూనెలో మధ్యస్థ మంట మీద పదిహేను నిమిషాలు, తర్వాత సన్న మంట మీద మరో ఎనిమిది నిమిషాలు. చివర్లో వెల్లుల్లి కారం. ముందు కలిపిన ఉప్పు కొంత ముక్కలోనే ఉంటుంది, మళ్ళీ వేసే ముందు రుచి చూడాలి.

బంగాళదుంప, బీన్స్, క్యారెట్ లాంటి తీపి స్వభావం ఉన్న కూరలకు పూర్తిగా నువ్వుల నూనె వేస్తే ఆ వాసనే పైకి తేలి కూర రుచి వెనక్కి పోతుంది. వాటికి ఒక వంతు నువ్వుల నూనె, రెండు వంతులు పొద్దుతిరుగుడు నూనె సరైన పాళ్ళు.

విదేశాల్లో ఉండేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తపడాలి. చైనా, కొరియా సరుకుల అరలో దొరికే ముదురు గోధుమరంగు నువ్వుల నూనె వేయించిన నువ్వులతో తీసినది. అది వంట చివర్లో పావు చెంచా చిలకరించుకునే రుచిద్రవ్యం. దాంట్లో పోపు పెడితే మాడిన నువ్వుల వాసన తప్ప ఇంకేమీ మిగలదు. మనకు కావాల్సింది లేత పసుపు రంగుది. భారతీయ దుకాణాల్లో జింజెల్లీ పేరుతో దొరికేది అదే.

నెయ్యి, వెన్న

నెయ్యిలో నీరు, పాల పదార్థం దాదాపు ఉండవు కాబట్టి అది చాలా వేడికి తట్టుకుంటుంది. వేయించడానికి ఏ అడ్డూ లేదు. అడ్డల్లా చల్లారాక. నెయ్యిలో వేగిన ముక్క పొయ్యి మీంచి దిగిన పది నిమిషాలు అమోఘంగా ఉంటుంది, చల్లారాక అంగిలికి పూతలా అంటుకుంటుంది. పైగా మన భోజనంలో అన్నంలోకి ఎలాగూ నెయ్యి వేసుకుంటాం. వేపుడులోనూ నెయ్యే అయితే ముద్ద మొహం మొత్తుతుంది, కారం, వెల్లుల్లి రుచి అణిగిపోతుంది. నెయ్యి పోపు అందం చెప్పాలంటే అది పప్పులోనే, లేదా బీరకాయ, సొరకాయ, పొట్లకాయ లాంటి మెత్తటి కూరల్లోనే. వేడివేడిగా తినే ఆ కూరలకు నూనె పూర్తిగా మానేసి అరకిలోకు ఒకటిన్నర టేబుల్ స్పూన్ల నెయ్యి వేస్తే సరిపోతుంది.

వేపుడులో నెయ్యి రుచి కావాలంటే రెండున్నర టేబుల్ స్పూన్ల నూనెతో వేయించి, దించేముందు ఒక టీస్పూను నెయ్యి అంచుల వెంట వేసి అరనిమిషం తిప్పండి. ముక్కల పైనే ఉంటుంది కాబట్టి ఆ ఒక్క చెంచా వాసన మూడు చెంచాలంత తెలుస్తుంది. ఇంట్లో కాచిన నెయ్యి అయితే వడకట్టినది వేయండి. అడుగున మిగిలే గోధుమరంగు గసి మూకుట్లో పడితే నిమిషంలో నల్లబడుతుంది. దాన్ని వేడి అన్నంలో కలుపుకోవడమే దానికి తగిన మర్యాద.

వెన్న సంగతి పూర్తిగా వేరు. బజారులో దొరికే వెన్నలో కొవ్వు 80 శాతం దాకా ఉంటుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరు, కొంచెం పాల పదార్థం. ఆ నీటివల్లే చిందడం, ఆ పాల పదార్థం వల్లే మాడు. 'వెన్నలో కాస్త నూనె కలిపితే మాడదు' అన్న సలహా చాలా చోట్ల వినిపిస్తుంది కానీ అది నిజం కాదు. నూనె కలిపినా పాల పదార్థం ఆ వేడికి మాడుతూనే ఉంటుంది, పలచబడటం వల్ల కొంచెం తక్కువగా కనిపిస్తుందంతే. వెన్న తప్ప ఇంకేమీ లేకపోతే ముందే కరిగించి, సన్న మంట మీద నురగ ఆగేదాకా కాచి వడకట్టుకోండి. 100 గ్రాములకు సుమారు 80 గ్రాముల నెయ్యి వస్తుంది, దాంతో వేయించండి. లేదంటే ముక్కల్ని ఆవిరి మీద ఉడికించి, చివర్లో ఒక టేబుల్ స్పూన్ వెన్నలో మూడు నిమిషాలు దొర్లించండి. స్వీట్‌కార్న్, బీన్స్, క్యారెట్, పచ్చి బఠాణీలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. ఉప్పు కలిపిన వెన్న అయితే కూరలో వేసే ఉప్పు పావు వంతు తగ్గించి, రుచి చూసి సర్దుకోవాలి.

కొబ్బరి నూనె

కోనసీమలో కొబ్బరి ఎంత పండినా మన వంటిళ్ళలో ఈ నూనెది తలకు రాసుకునే స్థానమే. వంటకు వాడదలిస్తే ముందు సీసా మీద ఆహార పదార్థంగా అమ్ముతున్న గుర్తు, ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య చూసుకోండి. వాసన కోసం ఏమైనా కలిపిన నూనె వంటలోకి పనికిరాదు.

కొబ్బరి కోరు వేసే కూరలన్నింటికీ ఇది సరిగ్గా సరిపోతుంది. క్యాబేజీ, బీన్స్, అరటికాయ, కంద, గోరుచిక్కుడు వేపుళ్ళకు కొలతకు కొలతే. పోపులో కరివేపాకు రెట్టింపు చేయండి, జీలకర్ర తగ్గించండి. వెల్లుల్లి కారానికి, పల్లీ పొడికి మాత్రం ఇది పొసగదు. రెండు గట్టి వాసనలు ఒకదాన్నొకటి అణచుకుంటాయి. పచ్చి కొబ్బరి వాసన నచ్చనివాళ్ళు శుద్ధి చేసిన కొబ్బరి నూనె వాడితే సరి, అది ఎక్కువ వేడికీ నిలుస్తుంది.

ఇది 24, 25 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డబ్బాలో పట్టుకెళ్ళే కూరకు సగం కొబ్బరి నూనె, సగం పొద్దుతిరుగుడు నూనె వేస్తే పేరుకోవడం బాగా తగ్గుతుంది. గడ్డకట్టిన నూనెను చెంచాతో తవ్వి కొలిస్తే లెక్క తప్పుతుంది, సీసాను గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి కరిగించి కొలవండి.

ఆవనూనె, ఆలివ్ నూనె, మిగతావి

ఆవనూనెను మూకుట్లో పోసి లేత పొగ వచ్చి రంగు కాస్త పలచబడేదాకా కాగనివ్వాలి. తర్వాత పొయ్యి ఆపి ఒక నిమిషం ఆగి, మళ్ళీ వెలిగించి పోపు వేయాలి. ఆ పొగతోపాటు పచ్చి ఘాటు చాలావరకు పోతుంది. ఆగకుండా పోపు వేస్తే జీలకర్ర, కరివేపాకు పడీపడగానే మాడతాయి. కాలీఫ్లవర్, బంగాళదుంపలకు ఇది బాగుంటుంది. ఆవ పెట్టే కూరలకు, అంటే పనసపొట్టు, అరటికాయ ఆవ కూరలకు మాత్రం వద్దు. దించాక కలిపే ఆవముద్ద ఘాటుకు నూనె ఘాటు తోడై చేదుకు తిరుగుతుంది. అమెరికాలో ఆవనూనె సీసాల మీద 'ఒంటికి రాసుకోవడానికి మాత్రమే' అని ఉంటుంది. అందులోని ఎరూసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం కారణంగా అక్కడి ఆహార నియంత్రణ సంస్థ దాన్ని వంటనూనెగా అనుమతించలేదు.

ఆలివ్‌లో రెండు రకాలు తేలికగా కలగాపులగం అవుతాయి. శుద్ధి చేయని ఎక్స్‌ట్రా వర్జిన్ రకం మధ్యస్థ మంటకు తట్టుకుంటుంది కానీ దాని పచ్చి చేదు ఇంగువ, కరివేపాకులతో కలవదు. ఖరీదు పెట్టి కొన్న వాసనంతా వేడికి పోగొట్టుకోవడమూ బాధే. శుద్ధి చేసిన ఆలివ్, పోమస్ (ఆలివ్ పిప్పి నుంచి తీసిన నూనె) రకాలు పొద్దుతిరుగుడు నూనెలాగే పనిచేస్తాయి. విదేశాల్లో సులువుగా దొరికే కనోలా, శుద్ధి చేసిన అవకాడో నూనెలూ అంతే, కొలతకు కొలత. అక్కడి కాయిల్ స్టవ్‌లు మంట తగ్గించినా వెంటనే చల్లబడవు కాబట్టి పోపు వేసే ముందే మూకుడిని అరనిమిషం పక్కకు జరపడం అలవాటు చేసుకోవాలి.

పామాయిల్ వేయించడానికి గట్టి నూనె, కానీ చలికి చిక్కబడి కూరను జిడ్డుగా చేస్తుంది. చివరి రెండు నిమిషాలు మంట పెంచి, ముక్కల్ని జల్లి గిన్నెలోకి తీస్తే ఎక్కువైనది కిందికి దిగుతుంది. వనస్పతిని వేపుడుకి సిఫారసు చేయం. ట్రాన్స్ కొవ్వుల్ని 2 శాతానికి మించనివ్వని నిబంధన 2022 జనవరి నుంచి అమల్లో ఉన్నా, చల్లారిన కూరలో అది మైనంలా నోటికి అంటుతుంది.

నూనె తగ్గించాలంటే

ఇది నూనె మార్చడం కన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే పని. కిటుకంతా కూరగాయలోని నీటిని, గాలిని ముందే దారికి తేవడంలో ఉంది.

బంగాళదుంపల్ని చెక్కుతోనే కుక్కర్‌లో రెండు విజిల్స్ రానిచ్చి, పూర్తిగా చల్లార్చి, వీలైతే రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు కోయండి. చల్లబడ్డ పిండిపదార్థం బిగుసుకుని ముక్క విరగదు, అంటుకోదు. ఒకటిన్నర టేబుల్ స్పూన్లకే ఎర్రగా వస్తుంది. వేడిగా ఉన్నప్పుడే కోసి వేస్తే మాత్రం ముద్దకూర అవుతుంది.

బెండకాయలకు నూనె ముందు వేయొద్దు. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కోసి, వెడల్పాటి మూకుట్లో ఒట్టిగానే ఆరేడు నిమిషాలు మధ్యస్థ మంట మీద జిగురు పోయేదాకా వేయించి, అప్పుడు అరకిలోకు ఒక టేబుల్ స్పూన్ నూనె వేయండి. ఉప్పు దించే రెండు నిమిషాల ముందు. ముందే వేస్తే నీరు దిగి జిగురు తిరిగొస్తుంది.

వంకాయ ముక్కల నిండా గాలి గదులుంటాయి, అందుకే పోసిన నూనెంతా క్షణాల్లో తాగేసి మళ్ళీ పోయమంటుంది. అక్కడే మోసపోయి ఇంకా పోస్తే, ముక్క ఉడికి కుంగాక తాగినదంతా కక్కి కూర నూనెలో తేలుతుంది. ముక్కల్ని ముందు ఐదు నిమిషాలు ఆవిరి మీద ఉంచితే ఆ గదులు మూసుకుంటాయి, నూనె సగానికి సగం తగ్గుతుంది. దొండకాయకు రెండు టేబుల్ స్పూన్ల నీళ్ళు చల్లి మూతపెట్టి ఆరు నిమిషాలు మగ్గించి, నీరు పూర్తిగా ఇగిరాక నూనె వేయాలి.

ఎయిర్ ఫ్రైయర్‌లో అరకిలో పచ్చి ముక్కలకు ఒక టేబుల్ స్పూన్ నూనె చేత్తో పట్టించి, 190 డిగ్రీల దగ్గర 15 నుంచి 18 నిమిషాలు, సగంలో ఒకసారి కుదపాలి. పోపు లోపల వేయకూడదు, గాలికి ఎగిరి మాడుతుంది. విడిగా ఒక టీస్పూను నూనెలోనో నెయ్యిలోనో పెట్టి పైన కలపండి. వాసన ఎక్కువున్న నూనెలన్నింటినీ ఇలా పోపుకే కేటాయించడం తెలివైన పద్ధతి. వేపడానికి చవకైన, రుచిలేని నూనె, పోపుకి ఒక్క చెంచా మంచి గానుగ నూనె.

కాచిన నూనె, పడని నూనె

గారెలో బూరెలో వేయించగా మిగిలిన నూనెను వేపుళ్ళకు వాడటం చాలా ఇళ్ళలో ఉన్నదే. ఒకసారి వేయించిన నూనెను పలచటి బట్టలో వడకట్టి రెండు, మూడు రోజుల్లో వాడేస్తే ఇబ్బంది లేదు. పిండి రేణువులు మిగిలితే అవే మొదట మాడతాయి కాబట్టి వడకట్టడం తప్పనిసరి. అయితే కాగిన నూనె ముందుకన్నా తక్కువ వేడికే పొగ వస్తుంది, మంట ఒక మెట్టు తగ్గించాలి. రంగు ముదిరి, చిక్కబడి, కాగేటప్పుడు అణగని నురగ వస్తుంటే ఇక దాన్ని పారేయాల్సిందే. హోటళ్ళకైతే చట్టమే ఉంది: కాచిన కొద్దీ నూనె పాడై పుట్టే ధ్రువ పదార్థాలు (పోలార్ కాంపౌండ్స్) 25 శాతం దాటితే వాడకూడదన్న నిబంధన 2018 జులై నుంచి అమలవుతోంది. చేపలు వేయించిన నూనెను కూరగాయలకు వాడొద్దు, ఆ వాసన ఎన్ని పోపులు పెట్టినా పోదు.

పల్లీల అలర్జీ ఉన్నవాళ్ళు భోజనానికి వస్తున్నప్పుడు గానుగ వేరుశనగ నూనె పూర్తిగా పక్కన పెట్టండి. శుద్ధి చేయని నూనెలో అలర్జీ తెప్పించే ప్రొటీన్ మిగిలి ఉండొచ్చు. దాని బదులు నువ్వుల నూనె పోసేయడమూ సరికాదు, నువ్వులు పడనివాళ్ళూ ఉంటారు. అడిగి తెలుసుకుని, పొద్దుతిరుగుడు నూనెతో, వేరే మూకుట్లో, వేరే అట్లకాడతో చేయాలి. చివర్లో చల్లే కూరపొడిలో పల్లీలు, నువ్వులు ఉన్నాయేమో చూసుకోవడం ఎక్కువమంది మరిచిపోయే విషయం. ఆరోజుకి కొబ్బరి కారమో పుట్నాల పొడో చేసుకుంటే ఆ భయం ఉండదు.

గానుగ నూనెలు కొనేటప్పుడు నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకుని, పొయ్యికి దూరంగా, వెలుతురు పడని చోట మూత బిగించి ఉంచండి. ప్యాకెట్ మీద ఒక లీటరుకు 910 గ్రాములని రాసి ఉంటుంది. గానుగల్లో కొన్నిచోట్ల కిలోల లెక్కన, కొన్నిచోట్ల లీటర్ల లెక్కన అమ్ముతారు కాబట్టి ధర పోల్చేటప్పుడు ఈ తేడా కలుపుకోవాలి. కొత్త డబ్బా విప్పగానే అరచేతిలో చుక్క వేసి రుద్ది వాసన చూడండి. కారువాసన తగిలితే పోపు పెట్టి చూద్దామనుకోవద్దు, కాగాక ఆ వాసన ఇంకా పెరుగుతుంది.